రాకెట్టును ఎవరు చేస్తారు?

పిల్లలూ,

కిందటి దీపావళికి మీరు తారాజువ్వలు కాల్చే ఉంటారు. ఖాళీ సీసాలో జువ్వను నిలబెట్టి, వత్తికి నిప్పంటించి, గబగబా వెనక్కు పరుగెత్తి, చెవులు మూసుకుని చూస్తారు. ఒక జువ్వ సర్రున పైకి పోయి ఆకాశంలో నక్షత్రాలు కురిపిస్తుంది. రెండోది కాస్త వంకరగా పోయి పక్కింటి డాబా మీద పడుతుంది. మూడోది సీసాలోనే తుస్సుమంటుంది. మూడూ ఒకే పెట్టెలోవి. మూడింటిలోనూ కూరినది ఒకే మందు. అయినా మూడూ మూడు దారులు పట్టాయి. మీరు నవ్వుకుని నాలుగో జువ్వ తీస్తారు.

ఇప్పుడు ఆ జువ్వ 44 మీటర్ల పొడుగు, 320 టన్నుల బరువు ఉన్నదనుకోండి. దాని కొసన, ఎంతోమంది ఏళ్ళ తరబడి కష్టపడి చేసిన కృత్రిమ ఉపగ్రహం కూచుని ఉన్నదనుకోండి. అప్పుడు, "పోతే పోయింది, ఇంకొకటి తీద్దాం," అనగలమా? అనలేము. పెట్టెలో ఎన్ని ఉంటే అన్నీ, గీత గీసినట్టు, ఒకే దారిన పోవాలి.

ఈ కొలతలు నేను ఊహించి చెప్పినవి కావు. పి.యస్.యల్.వి. అనే మన రాకెట్టు కొలతలే అవి. ఇటువంటి రాకెట్టును మన దేశంలో ఎవరు చేస్తారు? "శాస్త్రజ్ఞులు చేస్తారు," అని మీరు ఠక్కున అంటారు. ఆ జవాబు తప్పు కాదు గాని, అందులో పావువంతు నిజమే ఉన్నది. మిగిలిన ముప్పాతిక ఈ నెల చెప్పుకుందాం.

చర్చిలో రాకెట్టు

కేరళలో తిరువనంతపురం పక్కనే, సముద్రపు ఒడ్డున, తుంబా అని ఒక పల్లె ఉన్నది. అరవై ఏళ్ళ కిందట అక్కడ ఉన్నవల్లా జాలరుల ఇళ్ళూ, కొబ్బరి చెట్లూ, ఒక పాత చర్చీ.

భూమికి భూమధ్యరేఖ ఉన్నట్టే, భూమి అయస్కాంత శక్తికి కూడా ఒక మధ్యరేఖ ఉన్నది. అది తుంబాకు చాలా దగ్గరగా పోతుంది. ఆ రేఖకు పైన, చాలా ఎత్తున, గాలి పలచబడి పోయినచోట, ఒక విద్యుత్ప్రవాహం నది పారినట్టు పారుతూ ఉంటుంది. దాన్ని పరీక్షించాలంటే విమానాలు అంత ఎత్తుకు పోలేవు. ఉపగ్రహాలు అంత కిందికి దిగి తిరగలేవు. రాకెట్టు ఒక్కటే పోగలదు. అందుకని విక్రం సారాభాయి అనే శాస్త్రజ్ఞుడు ఆ పల్లెను ఎన్నుకున్నారు. అక్కడి బిషప్పూ, ఊరివాళ్ళూ ఒప్పుకుని తమ చర్చినే ఆ పనికి ఇచ్చారు. రాకెట్టు భాగాలు అందులోనే కూర్చారు. సామానులో కొంత సైకిళ్ళ మీద వచ్చేది.

1963 నవంబరు 21 సాయంకాలం మొదటి రాకెట్టు ఎగరవలసి ఉన్నది. దాన్ని లారీ మీద తెచ్చారు. తీరా పైకి ఎత్తబోయే సమయానికి, ఎత్తే యంత్రంలో నూనె కారిపోయి అది పనిచేయలేదు. పొద్దు గుంకబోతున్నది. అప్పుడు ఉన్నవాళ్ళంతా చేతులు వేసి, రాకెట్టును మోసి, దాని స్థానంలో నిలబెట్టారు. అది ఎగిరింది. చీకటి పడే వేళ ఆకాశాన నారింజ రంగు ఆవిరి మేఘం ఒకటి వెలిగింది.

ఆ రాకెట్టు పేరు నైకీ-అపాచీ. అది అమెరికాలో తయారైనది. దానిలోని పరికరం ఫ్రాన్సు నుంచి వచ్చింది. మరి మనది ఏమిటి? నేల మనది, మోసిన భుజాలు మనవి. అంతే!

నాలుగేళ్ళు గడిచాక, 1967 నవంబరు 20న, మనవాళ్ళు సొంతంగా చేసిన రాకెట్టు అదే తుంబా నుంచి ఎగిరింది. దాని పేరు రోహిణి-75. ఆ 75 అనేది దాని అడ్డుకొలత, మిల్లీమీటర్లలో. అంటే, బొటనవేలు విడిచి మీ నాన్నగారి నాలుగు వేళ్ళు పక్కపక్కన పెడితే ఎంత వెడల్పో అంత. దాదాపు దీపావళి జువ్వకు పెద్దన్న! అయినా అది ఎంతో గొప్ప సంగతి. ఎందుకంటే, ఆ చిన్న గొట్టంలో ఇంధనం ఎలా కూరాలో, గొట్టం పగలకుండా ఎలా చేయాలో, మంట ఏ వేగంతో వెళ్ళాలో మనవాళ్ళు తమ చేతులతో తెలుసుకున్నారు. చేతికి తెలిసిన విద్యను ఎవరూ తిరిగి లాక్కుపోలేరు.

సముద్రంలో పడిన రాకెట్టు

ఉపగ్రహాన్ని భూమి చుట్టూ తిప్పాలంటే, రాకెట్టు దాన్ని సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగంతో విసరాలి. ఆ వేగంతో పోతే విజయవాడ నుంచి హైదరాబాదుకు అర నిమిషం కొంచెం దాటేసరికి చేరవచ్చు. అంత పెద్ద రాకెట్టు తూర్పుగా ఎగిరితే మంచిది; భూమి కూడా పడమటి నుంచి తూర్పుకే తిరుగుతుంది గనక, ఆ తిరుగుడు వేగం కొంత ఊరికే కలిసివస్తుంది. తూర్పున జనం లేని సముద్రం కూడా ఉండాలి. అటువంటి చోటు మన ఆంధ్ర తీరాన దొరికింది. సూళ్ళూరుపేట దగ్గర, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న శ్రీహరికోట దీవి అది. ఆ దీవి మీద తరతరాలుగా యానాదులూ, మరికొందరూ ఉండేవారు. ప్రభుత్వం ఆ నేల తీసుకున్నప్పుడు వాళ్ళు తమ ఊళ్ళు వదిలి పోవలసివచ్చింది. రాకెట్టు ఎగరడం చూసి చప్పట్లు కొట్టేటప్పుడు వాళ్ళను కూడా తలుచుకోవాలి.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి యస్.యల్.వి-3 అనే రాకెట్టు బయలుదేరింది. 22 మీటర్ల పొడుగు, 17 టన్నుల బరువు. నాలుగు అంతస్తుల మేడలాగా, ఒకదానిపై ఒకటి నాలుగు రాకెట్లు పెట్టి చేసినది. ఒక దాని పని అయిపోగానే అది ఊడిపడుతుంది, పైది అంటుకుంటుంది. మొదటి అంతస్తు చక్కగా మండింది. రెండోది అంటుకున్నాక రాకెట్టు వంకర తిరగసాగింది. అయిదు నిమిషాలు కొంచెం దాటేసరికి అంతా సముద్రంలో పడింది.

ఏమైంది? రాకెట్టును తిన్నగా నడిపే సాధనంలో ఒక ద్రవాన్ని వాడతారు. ఆ ద్రవాన్ని ఆపీ వదిలీ చేసే కవాటం ఒకటి ఉన్నది. మీ ఇంటి కొళాయిలో ఉండే బిరడా వంటిది. దానిలో కాస్త మలినం చేరి, అది సరిగా మూసుకోలేదు. ద్రవం కారిపోయింది. 17 టన్నుల రాకెట్టును ముంచినది కంటికి ఆననంత మలినం!

ఈ పని పెట్టుకున్న జట్టుకు నాయకుడు ఎ.పి.జె. అబ్దుల్ కలాం. ఆయన పైన అంతరిక్ష సంస్థకు అధ్యక్షుడు సతీష్ ధవన్. ఆ రోజు పత్రికలవాళ్ళు గుమిగూడితే ధవన్ గారు కలాం గారిని ముందుకు నెట్టలేదు. తానే వెళ్ళి, తప్పు తన సంస్థదని ఒప్పుకుని, మళ్ళీ ప్రయత్నిస్తామని చెప్పారు. ఏడాది తిరగకుండా, 1980 జులై 18న, అదే రకం రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని చక్కగా భూమి చుట్టూ తిప్పింది. ఆ రోజు పత్రికలవాళ్ళ దగ్గరకు కలాం గారినే పంపారు. ఈ సంగతి కలాం గారే చాలాసార్లు చెప్పుకున్నారు. శ్రీహరికోట కేంద్రానికి ఇప్పుడు ధవన్ గారి పేరే ఉన్నది.

ఈ కథలో పెద్దరికం సంగతి ఒకటి ఉన్నది, నిజమే. దానితోపాటు ఇంకొక సంగతి కూడా చూడండి. ఆ ఏడాదిలో ఇంజనీర్లు కొత్త రాకెట్టును కనిపెట్టలేదు. ఉన్నదాన్నే మళ్ళీ మళ్ళీ పరీక్షించారు. ప్రతి గొట్టం, ప్రతి కవాటం, ప్రతి తీగ శుభ్రంగా ఉన్నదా, ఒకసారి పనిచేసినట్టే రెండోసారీ పనిచేస్తున్నదా అని చూశారు.

జాతకం ఉన్న మరమేకు

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. రాకెట్టును ఎవరు చేస్తారు?

ముందు లోహం కావాలి. రాకెట్టు ఒళ్ళు పలచగా ఉండాలి, లేకపోతే బరువెక్కి లేవదు. గట్టిగా ఉండాలి, లేకపోతే లోపలి ఒత్తిడికి పగులుతుంది. మామూలు ఉక్కు పనికిరాదు. నికెలు వగైరా కలిపి, ప్రత్యేకమైన పద్ధతిలో కాచిన ఉక్కు కావాలి. అటువంటి లోహాలు చేయడానికి 1973లో హైదరాబాదులో మిధాని అనే ప్రభుత్వ కర్మాగారం వెలిసింది. అక్కడి కొలిమి దగ్గర నిలబడే పనివాడు రాకెట్టు చేస్తున్నట్టే.

తరవాత ఆ ఉక్కును వంచి, 2.8 మీటర్ల అడ్డుకొలత గల గొట్టాలు చేయాలి. ఆ గొట్టంలో మీ నాన్నగారు చేతులు పైకెత్తి నిలబడవచ్చు. పి.యస్.యల్.వి. మొదటి అంతస్తుకు అటువంటి గొట్టాలు అయిదు కావాలి. అంచులు అతికే చోట వెల్డింగు చేస్తారు. ఎముక విరిగినప్పుడు డాక్టరు ఎక్స్ రే తీసినట్టే, అతుకులకు కూడా ఎక్స్ రే తీస్తారు. లోపల గాలిబుడగ ఒక్కటి కనిపించినా ఒప్పుకోరు. ఆ వెల్డింగు చేసే మనిషి చెయ్యి వణకగూడదు. ఆయన కూడా రాకెట్టు చేస్తున్నట్టే.

ఆ గొట్టాలలో ఇంధనం పోయాలి. అది మొదట జావలాగా ఉండి, తరవాత గట్టిపడి, రబ్బరులాగా అవుతుంది. మొదటి అంతస్తులో దాదాపు 138 టన్నులు పోస్తారు. ఈ పని శ్రీహరికోటలోనే జరుగుతుంది. ఇంధనంలో బీట గాని, బుడగ గాని ఉంటే మంట ఆ సందులోకి దూరి, రాకెట్టు ఒక్కసారిగా పేలిపోవచ్చు.

రెండో అంతస్తుకు ద్రవ ఇంధనంతో మండే ఇంజను కావాలి. దీని కథ చిత్రమైనది. 1974లో ఫ్రాన్సువాళ్ళు పెద్ద ఇంజను ఒకటి తయారుచేస్తూ ఉన్నారు. ఆ విద్య కొనడానికి మన దగ్గర డబ్బు లేదు. "డబ్బుకు బదులు మా ఇంజనీర్లు వచ్చి మీ దగ్గర పనిచేస్తారు, మాకు విద్య నేర్పండి," అన్నారు మనవాళ్ళు. వాళ్ళు ఒప్పుకున్నారు. పూర్వం గురుకులంలో శిష్యులు గురువుగారింట పనులు చేసి విద్య నేర్చుకోలేదూ? ఇది కూడా అంతే. అలా నేర్చుకుని మనవాళ్ళు చేసిన ఇంజనే "వికాస్". దాన్ని ఒక్క సంస్థ తన ఆవరణలోనే చేసుకోలేదు. ముంబాయిలోని గోద్రెజ్ కంపెనీకీ, హైదరాబాదులోని యం.టి.ఎ.ఆర్. అనే కంపెనీకీ నకిళ్ళు ఇచ్చి, కొలతలు నేర్పి, వాళ్ళ చేత చేయించింది. బీరువాలకు పేరుపడ్డ కంపెనీ రాకెట్టు ఇంజను చేయడమేమిటని ఆశ్చర్యపోకండి. బీరువా తలుపు వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలన్న పట్టుదల ఉన్నచోటే ఇంజను కూడా తయారవుతుంది.

ఇటువంటి భాగాలు ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో వస్తాయి. పెద్ద కర్మాగారాల నుంచి వచ్చేవి కొన్ని. లేతు మిషను పెట్టుకున్న చిన్న యంత్రశాలల నుంచి వచ్చేవి కొన్ని. ప్రతి భాగానికీ ఒక జాతకం ఉంటుంది. అది ఏ లోహపు ముద్దలో నుంచి పుట్టింది, ఏ తేదీన కోశారు, ఎవరు కొలిచారు, ఎవరు సరేనన్నారు, అన్నీ అందులో రాసి ఉంటాయి. రేపు ఒక మరమేకు విరిగితే, ఆ జాతకం తీసి, దానితోపాటు పుట్టిన మరమేకులన్నిటినీ పట్టుకోవచ్చు. మన అంగట్లో కొన్న మరమేకుకు జాతకం లేదు. రాకెట్టు మరమేకుకు ఉన్నది. రెంటికీ తేడా అదే.

పెద్దలు అడిగే ప్రశ్న

ఈ పుట చదివే మీ అమ్మగారో, నాన్నగారో ఇక్కడ ఒక మాట అనవచ్చు: "ఇదంతా బాగానే ఉన్నది. ఊళ్ళో బడికి కప్పు సరిగా లేదు, ఆసుపత్రిలో మందులు లేవు. ఈ డబ్బు ఆకాశంలో పొయ్యడం ఎందుకు?"

ఇది మంచి ప్రశ్న. దీన్ని కసిరికొట్టగూడదు. దీనికి జవాబు ఆకాశంలో కాదు, దివిసీమలో వెతకాలి.

1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమ మీద తుఫాను విరుచుకుపడింది. సముద్రం ఉప్పెనగా లేచి ఊళ్ళ మీదికి వచ్చింది. పదివేలమందికి పైగా చనిపోయారు. మీ తాతయ్యనో, అమ్మమ్మనో అడగండి, ఆ రోజులు గుర్తున్నవాళ్ళు చెబుతారు. అప్పటికి మేఘాలను రాత్రింబగళ్ళు కనిపెట్టి చూసే ఉపగ్రహం మన దేశానికి లేదు.

2014 అక్టోబరు 12న హుద్ హుద్ అనే పెద్ద తుఫాను విశాఖపట్నం మీదనే దిగింది. చెట్లు కూలాయి, స్తంభాలు వంగిపోయాయి, విమానాశ్రయం కప్పు ఎగిరిపోయింది. అయినా మన రాష్ట్రంలో చనిపోయినవాళ్ళ సంఖ్య వంద దాటలేదు. తుఫాను ఎక్కడ పుట్టింది, ఎటు తిరుగుతున్నది, ఏ రోజు ఎక్కడ దిగుతుంది అన్నది ముందే తెలిసింది. లక్షలమందిని ముందుగానే ఎత్తయిన చోట్లకు చేర్చారు. ఇదంతా ఉపగ్రహం గొప్పే అనడం సరికాదు. రాడార్లు ఉన్నాయి, తుఫాను రక్షణ భవనాలు ఉన్నాయి, ఇంటింటికీ తిరిగి చెప్పిన ఉద్యోగులు ఉన్నారు. కాని మొట్టమొదట చూసిన కన్ను ఆకాశంలోనిది.

"సరే, ఉపగ్రహం కావాలి. కొనుక్కోగూడదా?" అని పెద్దలు మళ్ళీ అడుగుతారు. మొదట్లో మనం కొనుక్కున్నాం. 1983లో ఇన్సాట్-1బి అనే ఉపగ్రహాన్ని అమెరికాలో చేయించి, అమెరికా వాహనంలోనే పైకి పంపించాం. తప్పేమీ లేదు. ఇల్లు లేనప్పుడు అద్దె ఇంట్లో ఉంటాం. కాని, అద్దె ఇంటివాడు "ఖాళీ చెయ్యి" అంటే ఏం చేస్తాం?

అటువంటి రోజు ఒకటి వచ్చింది. బరువైన ఉపగ్రహాలను చాలా ఎత్తుకు ఎగరవేయాలంటే "క్రయోజనిక్" ఇంజను కావాలి. అందులో ఇంధనం ద్రవరూపంలో ఉండే హైడ్రోజను. దాన్ని ద్రవంగా ఉంచాలంటే సున్నకు కింద 253 డిగ్రీల చలిలో ఉంచాలి. దాన్ని మండించే ఆక్సిజనును సున్నకు కింద 183 డిగ్రీల చలిలో ఉంచాలి. ఆ చలికి రబ్బరు గాజులాగా పెళుసెక్కి పగిలిపోతుంది. అటువంటి ఇంధనాన్ని నిమిషానికి 40 వేల చుట్లు తిరిగే పంపు తోడిపోయాలి. మన ఇంటి పంకా నిమిషానికి మూడు నాలుగు వందల చుట్లు తిరుగుతుంది. ఆ పంపుకు మూరెడు దూరంలో మూడువేల డిగ్రీల మంట మండుతూ ఉంటుంది! ఒకే యంత్రంలో మంచుకొండా, అగ్నిగుండమూ కాపురం చేయాలన్నమాట.

1991లో సోవియట్ దేశం ఈ ఇంజన్లూ, వాటిని చేసే విద్యా మనకు అమ్మడానికి ఒప్పుకున్నది. అమెరికా అడ్డుచెప్పింది. ఒత్తిడి పెరిగాక, 1993లో రష్యా వెనక్కు తగ్గింది. ఇంజన్లు కొన్ని ఇస్తాం గాని, విద్య ఇవ్వమన్నది.

అప్పుడు మనవాళ్ళు చేయగలిగినది ఒక్కటే: సొంతంగా మొదలుపెట్టడం. ఎన్నాళ్ళు పట్టిందనుకున్నారు? 2010 ఏప్రిల్ 15న మన సొంత క్రయోజనిక్ ఇంజనుతో రాకెట్టు మొదటిసారి ఎగిరి, ఆ ఇంజను పంపు ఆగిపోయి, సముద్రంలో పడింది. 2013 ఆగస్టు 19న మళ్ళీ అంతా సిద్ధం చేశారు. బయలుదేరడానికి గంటా పావు ఉన్నదనగా, రెండో అంతస్తులో ఇంధనం కారుతున్నట్టు కనిపించింది. వెంటనే ఆపేశారు. "ఇంత దూరం వచ్చాం, పోనిద్దాం," అనలేదు. చూశారా! 1979లో నేర్చుకున్న పాఠం 2013లో పనికివచ్చింది. ట్యాంకు మార్చి, 2014 జనవరి 5న వదిలితే, అది సూటిగా పోయింది. 1993 నుంచి లెక్కవేస్తే ఇరవై ఏళ్ళు పైన పట్టింది. ఆ పని మొదలుపెట్టినప్పుడు పుట్టిన పిల్లవాడు ఆనాటికి కాలేజీ చదువు ముగించి ఉంటాడు.

ఆ ఇరవై ఏళ్ళలో నేర్చుకున్న పనివాళ్ళు, కొలిమి దగ్గరివాళ్ళు, వెల్డింగువాళ్ళు, కొలతలు చూసేవాళ్ళు, వీళ్ళే మన సొంత ఇల్లు. ఇక ఎవరూ ఖాళీ చేయించలేరు.

ఇప్పుడేం జరుగుతున్నది?

ఒకప్పుడు అమెరికా రాకెట్టును భుజాన మోసిన మనం, 1999 నుంచి ఇతర దేశాలవారి ఉపగ్రహాలను డబ్బు తీసుకుని ఎగరవేస్తున్నాం. 2017 ఫిబ్రవరి 15న ఒక్క పి.యస్.యల్.వి. 104 ఉపగ్రహాలను మోసుకుపోయింది. వాటిలో 101 పరాయి దేశాలవి.

ఇన్నాళ్ళూ కంపెనీలు భాగాలు చేసి ఇచ్చేవి. మొత్తం కూర్చే పని ప్రభుత్వ సంస్థదే. 2020లో ప్రభుత్వం ఆ తలుపు తెరిచింది. 2022లో అయిదు పి.యస్.యల్.వి.లను పూర్తిగా తయారుచేసే పని రెండు కంపెనీల జట్టుకు అప్పజెప్పింది. అదే ఏడాది నవంబరు 18న, హైదరాబాదులోని స్కైరూట్ అనే కొత్త కంపెనీ తన చిన్న రాకెట్టు "విక్రం-యస్"ను శ్రీహరికోట నుంచి ఎగరవేసింది. ఆరు మీటర్ల పొడుగు మాత్రమే. 89 కిలోమీటర్ల ఎత్తు దాకా పోయి సముద్రంలో పడింది. అది పడడానికి చేసినదే. దాని పేరులోని విక్రం ఎవరో మీకిప్పుడు తెలుసును. 2024 మే 30న చెన్నైలోని అగ్నికుల్ అనే కంపెనీ, ఇంజనునంతా అతుకు లేకుండా ఒకే ముక్కగా యంత్రం చేత అచ్చువేయించి, ఎగరవేసింది. అంతకుముందు కొన్నిసార్లు చివరి క్షణాలలో ఆపుకోవలసివచ్చింది. ఆపుకోవడం కూడా విద్యే.

అంతా జయమే అనుకోకండి. 2025 మే 18న, అన్నేళ్ళుగా నమ్మకంగా ఎగిరిన పి.యస్.యల్.వి. కూడా మూడో అంతస్తులో తేడా వచ్చి, ఉపగ్రహంతో సహా పోయింది. ఎన్నిసార్లు గెలిచినా, తరవాతి రాకెట్టుకు ఆ గెలుపులు తెలియవు. దాని కవాటం శుభ్రంగా ఉన్నదా లేదా అన్నదే దానికి తెలుసు.

మీరూ చేయండి

ఇక మీకొక పని. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు దారం బిగించి కట్టండి. కట్టేముందు, కొబ్బరినీళ్ళు తాగే స్ట్రాలో నుంచి ఆ దారం దూర్చండి. ఒక బుడగను ఊది, మూతి ముడివేయకుండా వేళ్ళతో పట్టుకుని, దాన్ని స్ట్రాకు కాగితపు పట్టీతో అంటించండి. వదలండి. గాలి వెనక్కు పోతుంది, బుడగ ముందుకు పోతుంది. రాకెట్టు సూత్రం అంతా ఇదే.

ఇది చాలామంది చేసే ఉంటారు. కాని అక్కడితో ఆపకండి. బుడగ ఎక్కడ ఆగిందో దారం మీద సిరాతో గుర్తుపెట్టండి. ఇలా పదిసార్లు చేసి, పది కొలతలూ నోటుపుస్తకంలో రాయండి. పదీ పది రకాలుగా ఉంటాయి. ఇప్పుడు ఆ తేడాలు తగ్గించడానికి ప్రయత్నించండి. ప్రతిసారీ బుడగను ఒకే కొలతకు ఊదాలి. అందుకు అట్టముక్కలో గుండ్రటి కన్నం కోసి కొలత చూసుకోండి. దారం బిగువు మారగూడదు. పట్టీ ఒకేచోట అంటించాలి. మీ చెల్లాయి ఊదితే ఒక రకం, మీరు ఊదితే ఒక రకం కాగూడదు. ఊదే పద్ధతి కాగితం మీద రాసి, ఇద్దరూ దాని ప్రకారమే చేయండి. ఏమి మార్చారో, ఎప్పుడు మార్చారో కూడా రాయండి.

ఒక్కసారి గోడదాకా పోతే అది ఆట. పదిసార్లూ ఒకే గుర్తు దగ్గర ఆగితే, మీ ఇంట్లో చిన్న పరిశ్రమ పుట్టినట్టే. ఆ నోటుపుస్తకమే మీ బుడగకు జాతకం.

మీ కొలతలు పోస్టు ద్వారా మాకు పంపండి. తేడా ఎలా తగ్గించారో రెండు ముక్కలు రాయండి. తగ్గకపోతే, ఎందుకు తగ్గలేదో రాయండి. రెండో రకం ఉత్తరాలే మాకు ఎక్కువ ఇష్టం.

రాకెట్టు విసిరిన ఉపగ్రహం ఇంధనం లేకుండానే భూమి చుట్టూ తిరుగుతూ ఉంటుంది గదా, మరి అది కింద ఎందుకు పడదు? వచ్చే నెల ఆ సంగతి చెప్పుకుందాం.